నొప్పెంతో ఆమెనే చెప్పనిద్దాం

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. అమెరికాలో మాత్రం పుట్టిల్లే విజిటర్ వీసా మీద, సూట్‌కేసు నిండా శొంఠి, సున్నిపిండి, బాలింత కారప్పొడి పెట్టుకుని విమానం దిగుతుంది. వీసా అందకపోతే పురుటి గదిలో మిగిలేది భర్త, వాట్సాప్‌లో అమ్మ.

నర్సు వచ్చి, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందని అడుగుతుంది. అమ్మాయి మొగుడి వంక చూస్తుంది. "అయిదో ఆరో" అంటాడతను. నిజానికి ఆమెకది తొమ్మిది. అతను చెడ్డవాడు కాడు, కంగారులో నోటికొచ్చింది చెప్పాడు. కానీ కంప్యూటర్లోకి ఎక్కేది ఆ అయిదే. ఇంగ్లీషు రాక ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. రోజూ ఆఫీసు మీటింగుల్లో గట్టిగా వాదించే ఆడపిల్లలు కూడా ఆ మంచం మీద నోరు మెదపరు. "నువ్వొక్కదానివే కంటున్నావా?" అన్న గద్దింపు మన ఆసుపత్రుల్లో తరతరాలుగా విన్నదే కదా. కిక్కురుమనకుండా కన్నదాన్నే మనం మెచ్చుకున్నాం.

ఇది మన ఒక్కరి సంగతీ కాదు. 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ జరిపిన సర్వేలో ప్రతి అయిదుగురు తల్లుల్లో ఒకరు తమతో సరిగా వ్యవహరించలేదన్నారు. అడగాల్సింది అడగకుండా ఊరుకున్నామన్నవారు 45 శాతం. టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ అంతటి మనిషే 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరాడక, సీటీ స్కాన్ తీయమని పట్టుబట్టాల్సి వచ్చింది. మందుల మత్తులో ఏదో అంటోందని నర్సు అనుకుందట. తీరా తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు. ఆమె ఊరుకుని ఉంటే?

అక్కడ మన రాష్ట్రాల్లో ఇంకో తంతు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, కాదనేవారు లేరు. అయితే ఘడియలు పంతులుగారు, తేదీ అత్తమామలు, థియేటర్ వేళ డాక్టరు ఖాయం చేసేశాక కనబోయే మనిషిని అడిగేదెవరు? పుట్టబోయే బిడ్డ జాతకం కోసం తల్లి పొట్ట కోయించడం భక్తి కాదు, పెత్తనం.

ఇక్కడ అమెరికాలో ఉన్నవారికి కొన్ని పనికొచ్చే మాటలు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి, ఇంగ్లీషులో ఇబ్బంది పడేవారికి దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. తెలుగు కావాలని ముందే రాయించండి, చాలాచోట్ల ఫోన్లో కలుపుతారు. ప్రసూతికి వర్తించే ఆరోగ్య బీమా చాలావరకు 1996 నాటి చట్టం కిందికే వస్తుంది. మామూలు కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటల బసకు ఆ బీమా కోత పెట్టడానికి వీల్లేదు. ఇంటికొచ్చాక ఊపిరాడకపోయినా, తల పగిలిపోతున్నా, కాలు వాచి సలుపుతున్నా పథ్యంతో సర్దుకుంటుందని కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాన్పయి ఏడాది తిరక్కుండా డాక్టరు దగ్గరికి ఏ జబ్బుతో వెళ్లినా, ఫలానా నెలలో ప్రసవించానని మొదటే చెప్పండి.

వచ్చే సంచికలో కొన్ని పేజీలు మీ పురుటి అనుభవాలకే కేటాయిస్తున్నాం. మంచిదీ చెడ్డదీ రెండూ రాయండి, పేరు వద్దంటే వేయం. భర్తలు కూడా రాయొచ్చు, భార్య చదివి సరేనన్నాకే పంపండి.