ప్రమాణం పేరిట వచ్చిన ప్రతి పుస్తకమూ ప్రమాణం కాదు

ప్రమాణం వేరు, పుస్తకం వేరు. ఒక తరగతి ముగిసేనాటికి విద్యార్థి ఏమి తెలుసుకోవాలో, ఏమి చేయగలగాలో చెప్పేది ప్రమాణం. ఆ గమ్యానికి చేర్చే సాధనాల్లో ఒకటి మాత్రమే పుస్తకం. ఈ చిన్న తేడాను మరిపించి, 'ఇది జాతీయ ప్రమాణాలకు అనుగుణమైన పుస్తకం, ఇక ప్రశ్నించకండి' అని మన నోరు మూయించే ప్రయత్నం కొన్నేళ్లుగా సాగుతోంది. అందుకు మన మౌనం కూడా తోడవుతోంది.

2020 జాతీయ విద్యావిధానం, దాన్ని అనుసరించి 2023లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువును ఖండించాయి, సామర్థ్యాలకు పెద్దపీట వేశాయి. ఆధారాలను పరిశీలించి సొంతంగా ఆలోచించడం నేర్పాలన్నాయి. తెలుగు నేలకు ఇది కొత్త సంగతి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం ఆధారంగా వచ్చిన సాంఘిక శాస్త్ర పుస్తకాలకు ఆరు విద్యా ప్రమాణాలు నిర్దేశించారు: విషయావగాహన, చదివి వ్యాఖ్యానించడం, సమాచార నైపుణ్యాలు, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించి ప్రశ్నించడం, పటనైపుణ్యాలు, ప్రశంస-సున్నితత్వం. మన పిల్లలు ఈ పుస్తకాలతోనే చదువుకున్నారు. ప్రశ్నించడమూ, సాటి మనిషి పట్ల సున్నితంగా ఉండడమూ సాక్షాత్తూ ప్రమాణాలే. ఈ మాట గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

ఇప్పుడు ఆ కొలబద్దతోనే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను కొలిచి చూద్దాం. 2022లో పాఠ్యభారం తగ్గింపు పేరిట 12వ తరగతి చరిత్ర నుంచి మొఘల్ దర్బారులపై ఉన్న అధ్యాయాన్ని, రాజనీతి శాస్త్రం నుంచి 2002 గుజరాత్ మారణకాండ ప్రస్తావనను తొలగించారు. తమకు తెలియకుండా ఇంతగా మార్చిన పుస్తకాలపై తమ పేర్లు వద్దని ముఖ్య సలహాదారులైన సుహాస్ పల్షికర్, యోగేంద్ర యాదవ్ 2023లో బహిరంగంగా కోరారు. 2024 కూర్పులో బాబ్రీ మసీదు అన్న పేరు మాయమై 'మూడు గుమ్మటాల కట్టడం' మిగిలింది. 2025లో వచ్చిన కొత్త 7వ తరగతి పుస్తకం నుంచి ఢిల్లీ సుల్తానులు, మొఘలులు తప్పుకున్నారు. ఆ కాలమంతా 8వ తరగతికి చేరింది. అక్కడ బాబరు నిర్దయుడైన విజేతగా, అక్బరు పాలన క్రౌర్యమూ సహనమూ కలగలిసినదిగా పిల్లలకు పరిచయమవుతున్నాయి.

మేము చరిత్రను దాచమనడం లేదు. ఔరంగజేబు కాలంలో ఆలయాలు కూలాయి. అది చరిత్ర, దాన్ని చెప్పాల్సిందే. నాటి దురాగతాలకు నేటి వారెవరినీ బాధ్యులను చేయరాదన్న సూచన కూడా ఆ 8వ తరగతి పుస్తకంలో ఉంది. ఆ మేరకు సంతోషమే. కానీ ఆ సూచన రాయవలసి వచ్చిందంటేనే, ఆ పాఠం చదివే తరగతి గదిలో ఎవరి వైపు చూపులు తిరుగుతాయో రాసినవారికి తెలిసే ఉండాలి. వెనుక బెంచీలో కూర్చున్న అమ్మాయి ఆ చూపులను ఎలా తట్టుకోవాలి? ఆ గంటలో ఆమెకు అండగా నిలిచే సామగ్రి ఉపాధ్యాయుని చేతిలో ఏముంది? ఆధారాలను తగ్గించి తీర్పులను పెంచిన పాఠం సామర్థ్యాల పేరిట వచ్చిన ప్రమాణాన్ని తానే ఉల్లంఘిస్తోంది. కనుక మన అభ్యంతరం ప్రమాణం మీద కాదు. ఆ ప్రమాణానికి తూగని పుస్తకం మీద.

చట్టం కూడా మన పక్షానే ఉంది. పాఠ్యప్రణాళికను నిర్ణయించే అధికార సంస్థ రాజ్యాంగ విలువలకు కట్టుబడాలనీ, పిల్లలను భయాందోళనల నుంచి విముక్తం చేయాలనీ విద్యాహక్కు చట్టం సెక్షన్ 29(2) చెబుతోంది. విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును 30(1) అధికరణం మైనారిటీలకు ఇచ్చింది. అయితే నిర్వహణ హక్కు అంటే నాసిరకం చదువు చెప్పే హక్కు కాదని న్యాయస్థానాలు 1958 నాటి కేరళ విద్యా బిల్లు అభిప్రాయం నుంచీ చెబుతూనే ఉన్నాయి. ఆ మాట న్యాయమైనదే. ప్రమాణాలను కాదనే హక్కు మనకు లేదు, అవసరమూ లేదు. ప్రమాణాన్ని అడ్డుపెట్టుకొని వచ్చే వక్రీకరణను కాదనే హక్కు మాత్రం ఉంది.

ఇక మన తప్పుల మాట. సమాజంలో నేడు రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. 'పోటీ పరీక్షలు దాటాలంటే ఏది ఇస్తే అది మింగాల్సిందే' అని కొందరంటారు. 'ఆ బడులే వద్దు, పిల్లలను మాన్పించండి' అని మరికొందరంటారు. మొదటిది లొంగుబాటు, రెండోది ఆత్మహత్య. మదరసాల్లో చదివే ముస్లిం పిల్లలు నూటికి ముగ్గురు నలుగురే అని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. బడికి వెళ్లే మిగిలిన వారు సాధారణ బడుల్లోనే ఉన్నారు. పోరాటం జరగాల్సింది కూడా అక్కడే.

మన యాజమాన్యాల సంగతి మరీ బాధాకరం. ఒక మైనారిటీ పాఠశాల కమిటీలో నేను కొంతకాలం కూర్చున్నాను. వేసవిలో ప్రచురణకర్తల ప్రతినిధులు నమూనా ప్రతులతో వచ్చేవారు. అట్టమీద 'నూతన విద్యావిధానానికి అనుగుణం' అన్న ముద్ర, లోపల రంగురంగుల బొమ్మలు. చర్చంతా రాయితీ శాతం చుట్టూనే తిరిగేది. సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయిని ఆ గదిలో లేరు. పుస్తకం తెరిచి ఒక్క అధ్యాయమైనా చదివినవారు మాలో లేరు, నాతో సహా. జూన్‌లో ఒక తల్లి వచ్చి 'మీరు చదివే కొన్నారా?' అని అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. వాట్సాప్‌లో ఆగ్రహించడం సులువు. పుస్తకం చదవడమే కష్టం.

ఉర్దూ మాధ్యమం పిల్లలది మరో గోడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 350-ఎ అధికరణం చెబుతోంది. పుస్తకం ఆలస్యంగా చేతికొచ్చి, వచ్చినదీ ముక్కస్య ముక్క అనువాదమైతే, ఉమ్మడి ప్రమాణం ఆ బిడ్డకు కొలబద్ద కాదు, శిక్ష. ఒకే పరీక్ష పెట్టేవారు ఒకే సమయానికి, ఒకే నాణ్యతతో పుస్తకమూ ఇవ్వాలి.

మరి చేయవలసిందేమిటి? ప్రతి పాఠశాలలోనూ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కలిసిన పుస్తక పరిశీలన సంఘం ఉండాలి. ఏ పుస్తకానికైనా నాలుగు ప్రశ్నలు వేయాలి. ఈ పాఠం ఏ ప్రమాణాన్ని నెరవేరుస్తోంది? తీర్పు చెప్పిన చోట ఆధారం చూపుతోందా? ఒక రాజుకు పెట్టిన కొలతనే మరో రాజుకూ పెడుతోందా? ఇందులో మన బిడ్డతో పాటు దళిత, ఆదివాసీ బిడ్డలు కూడా తమ ముఖం చూసుకోగలరా? తేలిన లోపాలను పుటసంఖ్యతో సహా లిఖితపూర్వకంగా ఎస్‌సీఈఆర్‌టీకి, మైనారిటీ కమిషన్‌కు పంపాలి.

నిర్దేశిత పుస్తకాన్ని మార్చలేని చోట అనుబంధ పఠన సామగ్రిని చేర్చవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ తొలగించిన భాగాలతో కేరళ ప్రభుత్వం 2023లోనే అదనపు పాఠ్యపుస్తకాలు తెచ్చింది. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఆ చొరవ ఎందుకు లేదు? మన దగ్గర సరుకు లేకనా? తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఉన్నాడు. తొలి అచ్చతెనుగు కావ్యంగా పేరొందిన 'యయాతి చరిత్ర'ను అంకితం పొందిన అమీన్‌ఖాన్ ఉన్నాడు. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీపై దాడికి నడిచిన తుర్రేబాజ్‌ఖాన్ ఉన్నాడు. రజాకార్లను కలంతో ఎదిరించి 1948లో ప్రాణమిచ్చిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉన్నాడు. వీరు ముస్లిం పిల్లల కోసం మాత్రమే కాదు, తెలుగు పిల్లలందరి కోసమూ ఉన్నారు.

ప్రశ్నించడాన్ని ప్రమాణంగా రాసుకున్న విద్యావ్యవస్థ ఇది. ఆ ప్రమాణాన్ని ముందుగా తల్లిదండ్రులమైన మనం అందుకోవాలి. వచ్చే జూన్‌లో బడి తలుపులు తెరిచేలోపు మీ బిడ్డ సాంఘిక శాస్త్ర పుస్తకాన్ని ఒక్కసారి మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవండి. ఆ తర్వాతే మాట్లాడండి. అప్పుడు మీ మాటను కాదనడం ఎవరికీ సులువు కాదు.