సారు అమ్మిన కారులో ఊరికి వచ్చేవాళ్ళకు



డిసెంబరు వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. క్రిస్మస్ ఆరాధన ఎన్నింటికి అని కొందరు అడుగుతారు. "పాస్టరు గారూ, కారులో వస్తున్నాం, ప్రయాణం కోసం ప్రార్థన చేయండి" అని మిగతావాళ్ళు. ఈ రెండో రకం ఫోన్లు ఎక్కువగా బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ నుంచే. మన వాళ్ళు అక్కడ పెద్ద ఇళ్ళలో డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా, షూటింగుల్లో లైట్ల దగ్గర, సామాన్ల దగ్గర పనిచేస్తున్నారు. ఒకప్పుడు అందరూ బస్సుల్లోనే వచ్చేవారు. ఇప్పుడు చాలామందికి సొంత కారు ఉంది. మంచిదే, నాకూ సంతోషమే. అయితే ఆ కారు షోరూమ్ నుంచి వచ్చింది కాదు. సారు కొత్తది కొనుక్కుని పాతది మన డ్రైవరుకి ఇచ్చేసింది. పదేళ్ళో పన్నెండేళ్ళో నడిచిన శాంత్రో, ఆల్టో, ఇండికా, వ్యాగన్ఆర్.

ప్రార్థన తప్పకుండా చేస్తాను. అయితే ఈసారి ఫోను చేసిన ప్రతి ఒక్కరినీ ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీ టైర్లు ఏ సంవత్సరంలో తయారయ్యాయి? ఆ జవాబు చెప్పాకే ప్రార్థన. కొందరు దీన్ని అవిశ్వాసం అనుకుంటారేమో, అనుకోనివ్వండి. బానెట్ మీద చేతులుంచి ప్రార్థించమని అడిగేవాళ్ళు ఆ బానెట్ ఒక్కసారైనా ఎత్తి చూడకపోవడం నాకు విశ్వాసంలా కనిపించదు. బద్ధకంలా కనిపిస్తుంది.

ఇలాంటి కార్లు కొనేటప్పుడు మన వాళ్ళు చెప్పే మాట ఒకటుంది. "సారు ఎక్కువ తిప్పలేదండీ, నలభై వేల కిలోమీటర్లే తిరిగింది." నిజమే అయ్యుంటుంది. కానీ ఆ నలభై వేలు ఎక్కడ తిరిగిందో ఆలోచించండి. పొద్దున పిల్లల్ని బడిలో దింపడానికి, సాయంత్రం కేబీఆర్ పార్కుకి, మధ్యలో చెక్ పోస్ట్ సిగ్నల్ దగ్గర పది నిమిషాలు. ఎక్కడం, దిగడం, ఫస్ట్ గేరు, సెకండ్ గేరు. ఆ కొండల మీద తిరిగిన కారుకి క్లచ్, బ్రేకులు ముందు అరుగుతాయి. నాలుగో గేరులో మూడు గంటలు ఆగకుండా ఎండలో పరుగెత్తడం దానికి అలవాటే లేదు. నెమ్మదిగా తిరిగినంతకాలం రేడియేటరులో పేరుకున్న తుప్పు బయటపడదు. సగం పనిచేసే ఫ్యానూ పట్టుబడదు. అవి బయటపడేది చౌటుప్పల్ దాటాకే, వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నప్పుడే.

రబ్బరు సంగతి ఇంకా మోసం. టైరు కిలోమీటర్లతో అరుగుతుంది, సంవత్సరాలతో గట్టిపడి పగుళ్ళు తేలుతుంది. తక్కువ తిరిగిన పాత కారులో టైరు మీద గీతలు లోతుగానే ఉంటాయి, చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది. పక్క గోడ మీద వేలు పెట్టి చూస్తే సన్నటి పగుళ్ళు తగులుతాయి. టైరు పక్కన డి-ఓ-టి అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2316 అని ఉంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. అయిదేళ్ళు దాటిన టైరుని ఏటా తెలిసినవాళ్ళకి చూపించాలి. పదేళ్ళు దాటితే గీతలు ఎంత లోతున్నా తీసేయాలని టైర్లు చేసే కంపెనీలే చెబుతాయి. గీతల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం కూడా ఒప్పుకోదు. స్టెప్నీని మర్చిపోకండి. కారు కొన్నప్పటి స్టెప్నీ కారుతో సమానంగా ముసలిదయ్యుంటుంది, అందులో గాలి కూడా ఉండదు.

ఇక్కడ కాస్త కఠినంగా మాట్లాడతాను. కిందటేడు మన వాళ్ళ కార్లు గుడి ముందు ఆగినప్పుడు చూశాను. కొత్త సీటు కవర్లు, కొత్త మ్యూజిక్ సిస్టమ్, అద్దం నిండా వాక్యాల స్టిక్కర్లు, అద్దానికి వేలాడే బొమ్మలు. కింద టైర్లు మాత్రం పాతవే. వెనక అద్దం మొత్తం స్టిక్కరుతో మూసేస్తే వెనక వచ్చే లారీ మీకెలా కనపడుతుంది? వాక్యం గుండెల్లో ఉండనివ్వండి, అద్దాన్ని ఖాళీగా వదలండి. సీటు కవర్ల డబ్బుతో రెండు టైర్లు రాకపోయినా ఒకటైనా వస్తుంది.

పాత కారంటే నాకు చిన్నచూపు లేదు. పాత బండి ఎంత దూరమైనా పోగలదనడానికి మన రాష్ట్రం మొత్తం ఎరిగిన సాక్ష్యం ఉంది. రాజకీయం పక్కన పెట్టి వినండి. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు గారు తిరిగిన చైతన్య రథం కొత్త బండి కాదు, పాత షెవర్లే వ్యాను. దాన్ని బాగుచేయించి, పైన నిలబడి మాట్లాడేలా మార్పించి, మైకులు కట్టించి రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగు పట్టింది ఆయన కుమారుడు హరికృష్ణ గారు. అప్పటి రోడ్లు ఎలా ఉండేవో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అయినా నెలల తరబడి తిరిగారు, 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అది ఊరూరా ఆగుతూ, జనం మధ్య నుంచి మెల్లగా సాగిన ప్రయాణం. పాత బండికి అలాంటి ప్రయాణమే సరిపడుతుంది.

ఆ కుటుంబం గురించే ఇంకో మాట చెప్పాలి, బాధతోనే చెబుతున్నాను. హరికృష్ణ గారి పెద్దబ్బాయి జానకిరామ్ 2014 డిసెంబరు 6న హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళుతూ మునగాల మండలం ఆకుపాముల దగ్గర ట్రాక్టరును ఢీకొని చనిపోయారు. నాలుగేళ్ళు తిరగకముందే, 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున హరికృష్ణ గారు తానే కారు నడుపుకుంటూ నెల్లూరు జిల్లాలో ఒక పెళ్ళికి బయలుదేరారు. నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ప్రమాదంలో పోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పుడు వార్తల్లో వచ్చింది. చైతన్య రథాన్ని రాష్ట్రమంతా నడిపిన మనిషి ఆయన. డ్రైవింగు రాక కాదు, బండి చెడ్డదై కాదు. జూనియర్ ఎన్టీఆర్, కళ్యాణ్ రామ్ సినిమాల్లో రోడ్డు మీద జాగ్రత్తగా ఉండమని తెర మీద వేసే విజ్ఞప్తి మీరంతా చూసే ఉంటారు. ఆ అక్షరాలు వచ్చినప్పుడు ఈలలు వేయకుండా ఒకసారి చదవండి. అన్నయ్యనీ నాన్ననీ పోగొట్టుకున్నవాళ్ళు చెబుతున్న మాట అది.

అందుకే, కారుని సిద్ధం చేయడం అంటే డ్రైవరుని కూడా సిద్ధం చేయడం అంటాను. మన వాళ్ళలో చాలామంది వృత్తే డ్రైవింగు. వాళ్ళకి నేను నేర్పేదేముంటుంది? ఇరవై ఏళ్ళుగా సారుని క్షేమంగా తిప్పుతున్నారు. సారు కారుకి సర్వీసు తేదీ దాటనివ్వరు, టైర్లలో గాలి వారం వారం చూస్తారు, చిన్న శబ్దం వస్తే గుర్తుపడతారు. సొంత కారు దగ్గరికి వచ్చేసరికి "చూద్దాంలే" అంటారు. సారు ప్రాణానికి ఉన్న విలువ మీ భార్యాపిల్లల ప్రాణానికి లేదా? ఇంకా దారుణం ఏమిటంటే, పొద్దున ఆరింటి నుంచి సారుతో తిరిగి, రాత్రి తొమ్మిదింటికి పేకప్ అయ్యాక ఇంటికొచ్చి, స్నానం చేసి, పదకొండింటికి కుటుంబాన్ని ఎక్కించుకుని ఊరికి బయలుదేరుతున్నారు. ఏలూరు దాటి మన ఊరు చేరేసరికి 350 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి నిద్ర ఎవరి మాటా వినదు. దానికి తోడు డిసెంబరు మంచు. కోదాడ, నందిగామ మధ్య కొన్ని తెల్లవారుజాముల్లో ముందున్న లారీ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. పాత కార్ల లైట్ల మీద ప్లాస్టిక్ పసుపెక్కి ఉంటుంది, వెలుతురు సగమే బయటకొస్తుంది.

ఒక్క రోజు ముందు సెలవు అడగండి. సారు ఇవ్వకపోతే మర్నాడు పొద్దున నిద్రపోయి లేచి, తెల్లగా తెల్లవారాక బయలుదేరండి. సాయంత్రానికి వస్తారు, ఏం కొంప మునగదు. ఆరాధన ఎటూ రాత్రికే. అక్కయ్యలకీ చెల్లెమ్మలకీ నా మనవి: బయలుదేరే ముందు "ఎన్ని గంటలు పడుకున్నావు?" అని అడగండి. ఆయన విసుక్కుంటాడు. అయినా అడగండి. ముందు సీట్లో పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చోకండి. వెనక సీట్లో కూడా బెల్టు పెట్టుకోండి, కవర్ల కింద దాక్కున్న ఆ బెల్టుల్ని బయటకి తీయించండి.

మెకానిక్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలన్న దాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బయలుదేరే ముందురోజు వెళ్ళడం కంటే వెళ్ళకపోవడం మేలు. ముందురోజు విప్పిన బండిలో ఏదో ఒక నట్టు సరిగా బిగించకుండా వదిలేసే ప్రమాదం ఉంది, అది చూసుకునే సమయం మీకుండదు. రెండు వారాల ముందు వెళ్ళండి. బస్తీ మెకానిక్ అయినా ఫరవాలేదు, పక్కన నిలబడి చేయించుకోండి. ఆయిలు, ఫిల్టరు ఎవరైనా మారుస్తారు. మీరు నోరు తెరిచి అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే గట్టిగా బ్రేకులు వాడినప్పుడు వేడికి అందులోని నీరు ఆవిరై పెడలు మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి మార్చడం మంచిది. రేడియేటరులో బోరు నీళ్ళు పోస్తూ వచ్చారా? ఆ నీటిలోని సున్నం లోపల గడ్డకడుతుంది. మొత్తం కడిగించి కూలెంటు పోయించండి. ఇంజను వేడిగా ఉండగా మాత్రం మూత తీయకండి, చేతులూ ముఖమూ కాలతాయి.

టైమింగ్ బెల్టు సంగతి చాలామందికి తెలియదు. పాత శాంత్రోల్లో, 800 సీసీ ఆల్టోల్లో, డీజిల్ ఇండికాల్లో ఇంజను లోపల రబ్బరు బెల్టు ఉంటుంది. కిలోమీటర్లు తక్కువైనా ఏళ్ళు గడిస్తే మార్చాల్సిందే. అది తెగితే కారు ఉన్నచోటే ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వులు కూడా వంగిపోతాయి, ఆ ఖర్చుకి కారు అమ్మినా సరిపోదు. సారు మార్పించాడో లేదో ఆయన్నే అడగండి, బిల్లు ఉంటే చూడండి. ఎవరికీ తెలియదంటే మార్చలేదనే అనుకోండి.

పని అయ్యాక ఒక ఆదివారం ఆరాధన తర్వాత చౌటుప్పల్ దాకా పోయి టీ తాగి రండి. పంతంగి టోల్ ఇంకా ముందుంటుంది కాబట్టి ఆ ఖర్చు కూడా లేదు. వేడి ముల్లు ఎక్కడ నిలుస్తోందో, స్టీరింగు వణుకుతోందో లేదో, ఆగాక కింద చుక్కలు పడుతున్నాయో చూడండి. ఏదైనా తేలితే బాగుచేయించడానికి ఇంకా రోజులు మిగిలి ఉంటాయి.

కాగితాల గురించి రెండు ముక్కలు. సారు పేరు మీదే ఆర్సీ ఉంచుకుని తిరగడం మంచిది కాదు, ఆయనకీ మీకూ. కారు కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు మీ పేరు మీదికి మార్చమని అడగాలి. పదిహేనేళ్ళు నిండిన కారుకి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇన్సూరెన్సు లేని కారు ఎవరినైనా గుద్దితే ఆ నష్టపరిహారం మీరు కట్టాలి. అది మన ఊళ్ళో ఉన్న అరెకరం పొలానికి కూడా ఎసరు పెట్టవచ్చు.

కొందరికి ఇవన్నీ చేయించే డబ్బు ఉండదని నాకు తెలుసు. జీతం పదో తేదీకే అయిపోయే ఇళ్ళు ఎన్నో నేను ఎరుగుదును. అలాంటివాళ్ళు ఈ ఏడాదికి కారు అక్కడే పెట్టి బస్సులోనో రైల్లోనో రండి. కారులో దిగితేనే గౌరవం అని మన ఊళ్ళో ఎవరైనా అనుకుంటే అది ఊరి తప్పు. ఆ మాట నేను ఆరాధనలో అందరి ముందూ చెబుతాను, మీరు మొహమాటపడక్కర్లేదు. బస్సు దిగిన చోటికి మన కుర్రాళ్ళు బైకులు పంపిస్తారు.

చివరిగా తిరుగు ప్రయాణం. వచ్చేటప్పుడు నలుగురు, వెళ్ళేటప్పుడు నలుగురితో పాటు రెండు బస్తాల బియ్యం, ఆవకాయ జాడీలు, కొబ్బరికాయలు, అమ్మమ్మ. చిన్న కారు వెనక టైర్లు ఆ బరువుకి అణిగిపోవడం నేను కళ్ళారా చూశాను. డ్రైవరు తలుపు తీస్తే పక్కన స్టిక్కరు మీద నిండు బరువుకి గాలి ఎంతుండాలో రాసి ఉంటుంది. బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉండగా అంత పట్టించండి. అమ్మమ్మని కూర్చోబెట్టుకోండి, బియ్యం బస్తాలు మాత్రం నాకు వదిలేయండి. పేరు, ఫోను నంబరు రాసి 26 సాయంత్రంలోగా గుడి వరండాలో పెడితే, అందరివీ కలిపి ఆర్టీసీ కార్గోలో వేయిస్తాను.