మాడ్యులా-3 రానివాళ్ల గురించి



ఎస్సీ హాస్టల్లో ఆదివారాలు పైథాన్ చెప్తున్నానని పోయిన భాగంలో రాశాను. మొన్న డిగ్రీ రెండో సంవత్సరం చెల్లెలు ఒకామె అడిగింది: "అన్నా, దీనికంటే ముందు మాడ్యులా-3 నేర్చుకుని రావాలా?"

పైథాన్ అధికారిక ట్యుటోరియల్ 9వ అధ్యాయం మొదట్లోనే ఉంది: ఇందులో క్లాసులు పనిచేసే తీరు సీ ప్లస్ ప్లస్, మాడ్యులా-3ల కలయిక అట. మాడ్యులా-3 1980ల చివర్లో పుట్టిన భాష. నేనూ అందులో ఒక్క లైను రాయలేదు. ఆ వాక్యం రాసినాయన ఎదురుగా ఎవర్నో ఊహించుకున్నాడు. మన చెల్లెల్ని మాత్రం కాదు.

అసలు 1వ అధ్యాయం పేరే 'వెట్టింగ్ యువర్ అపిటైట్'. ఒక తమ్ముడు డిక్షనరీ చూస్తే 'పదును పెట్టడం' అని వచ్చింది. ఆకలికి పదునేంటని తల పట్టుకున్నాడు. (వెట్టి అంటే మనకి వేరే అర్థం ఉంది లెండి.) భాష పేరు బీబీసీ హాస్య కార్యక్రమం 'మాంటీ పైథాన్' నుంచి వచ్చిందనీ, డాక్యుమెంటేషన్‌లో ఆ జోకులు వేయడాన్ని ప్రోత్సహిస్తామనీ అదే అధ్యాయంలో చెప్పుకున్నారు. ఉదాహరణల్లో స్పామ్, ఎగ్స్ అందుకే. కుట్రేమీ లేదు. వాళ్లింట్లో మాట్లాడుకున్నట్టే రాసుకున్నారు. ఇంట్లోవాళ్ల మాటలు అర్థంకాక వాకిట్లో నిలబడటం మనకి కొత్తా?

2018లో ఇదే పైథాన్‌లో 'మాస్టర్', 'స్లేవ్' అనే మాటల్ని చాలాచోట్ల తీసేశారు. మంచి పని. మాట గాయపరుస్తుందని ఒప్పుకున్నవాళ్లు మాట అడ్డుపడుతుందని కూడా ఒప్పుకోవాలి.

సులువు చేస్తే కచ్చితత్వం పోతుందంటారు సాఫ్ట్‌వేర్ అన్నలు. ఫంక్షన్‌ని ఫంక్షన్‌గానే ఉంచండన్నా, ఎవరొద్దన్నారు? చుట్టూ ఉన్న వాక్యాన్ని విరవండి. జాతీయాలు తీసేయండి. 'సింప్లీ', 'ఆబ్వియస్‌లీ' తీసేయండి. అర్థంకాని పిల్లకి ఆ మాట తగిలితే తప్పు తనదేననుకుని ల్యాప్‌టాప్ మూసేస్తుంది.

"అయితే తెలుగులోకి మార్చుకోండి" అనేవాళ్లూ ఉన్నారు. ఫంక్షన్‌ని 'ప్రమేయం' చేసి చేతులు దులుపుకుంటారని తెలుగు మీడియం లెక్కల పుస్తకాల్లోనే చూశాం. మాకు ఇంగ్లీషే కావాలి. మాడ్యులా-3 జ్ఞాపకాలు లేని ఇంగ్లీషు.

పైథాన్ డాక్యుమెంటేషన్‌కి గిట్‌హబ్‌లో ఎవరైనా మార్పు ప్రతిపాదించవచ్చు. చెల్లెలూ నేనూ ఆ పేరా ముందేసుకుని కూర్చున్నాం. క్లాసంటే డేటానీ, దానితో పనిచేసే ఫంక్షన్లనీ కలిపి కట్టిన మూట అంది. దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు మాటల్లో తనే రాసింది. రెండో వాక్యం దగ్గర ఇంకా కొట్టుకుంటున్నాం. ఆదివారం వచ్చేవాళ్లు ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకోండి, హాస్టల్లో రెండు ప్లగ్గులే పనిచేస్తున్నాయి.