ఓర్పు పాఠములు చాలును, విశ్రాంతి కావలెను

వైద్యులును నర్సులును డస్సిపోవుచున్నారన్నంతనే పెక్కు ఆసుపత్రులు వారికి ధ్యానమును, మనోధైర్యమును ఉపదేశించుచున్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ స్థితిని వ్యాధిగా గాక, చక్కబడని పని ఒత్తిడి ఫలితముగా పేర్కొనెను. దోషము పనిలో నుండగా మందు మనిషికా?

రెసిడెంటు డాక్టరు ఏకధాటిగా 12 గంటలకును, వారమునకు సామాన్యముగా 48 గంటలకును మించి పనిచేయరాదని కేంద్ర ప్రభుత్వము 1992లోనే ఆదేశించెను. ముప్పది యేండ్లు గడచినవి. 2024లో కలకత్తా ఆసుపత్రిలో హతురాలైన యువవైద్యురాలు 36 గంటల డ్యూటీలో నుండెనని సుప్రీంకోర్టే నమోదు చేసెను.

నిదుర లేని కన్ను మోతాదు పొరబడినచో ప్రాణము రోగిది, నింద నర్సుది; డ్యూటీ పట్టిక వ్రాసినవారికి ఏమియు లేదు!

సోదరులారా, మన బిడ్డలెందరో ఈ వృత్తులలో నున్నారు. వారి ఓర్పును పొగడుట మాని, మీ ఊరి ఆసుపత్రి పనిగంటల పట్టికను అడుగుడు.