పైకి పంపిన చీటీ తిరిగి రావాలి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు సరిగా చూడడం లేదన్న ఫిర్యాదు మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో తరచుగా వింటున్నాము. ఆ మాట అనేముందు ఒక సంగతి ఆలోచించాలని మా మనవి.

మా పొరుగున ఒక వృద్ధురాలికి ఆయాసం మొదలైంది. గుండె నిపుణుడికి చూపించమని కేంద్రంలోని డాక్టరు చీటీ రాశారు. నగరంలోని పెద్దాసుపత్రికి మేమే వెంట వెళ్లాము. ఎకో పరీక్షకు ఐదు వారాల తరువాతి తేదీ ఇచ్చారు. ఈలోగా ఆమె నాలుగుసార్లు అదే కేంద్రానికి తిరిగి వెళ్లింది. పరీక్ష ఫలితం లేనిదే మందు మార్చడానికి ఆ డాక్టరుకు వీలులేదు. ఊరికే పంపేయడానికి మనసొప్పదు. ఆమెకు కేటాయించిన సమయం వరుసలో ఉన్న గర్భిణులకు, షుగరు రోగులకు తగ్గిపోయింది. నింద మాత్రం డాక్టరుకు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు దక్కింది.

గుమాస్తాగిరీ చేసిన మాకు ఇది కొత్త కాదు. పై ఆఫీసులో ఫైలు ఆగితే అర్జీదారు నిలదీసేది కింది సెక్షనునే.

నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి నిపుణులుండే సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. 2011 లెక్కలలోనే నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా జనాభా 24 లక్షలు దాటింది. ఆపైన వెలసిన కాలనీలను కళ్లారా చూస్తున్నాము. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు, సంతోషమే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు. నిపుణుడి కోసం ఎదురుచూసే వారాలను అది తగ్గించదు. రోజు కూలి మీద బతికే మన కుటుంబాలు ఆ తేదీని వదులుకుంటాయి, లేదా అప్పుచేసి ప్రైవేటుకు వెళతాయి.

ఆ వృద్ధురాలికి చివరకు పరీక్ష జరిగింది. నిపుణుడు రాసిన కాగితం ఆమె ఇంట్లో పెట్టెలో ఉంది. రోజూ చూడవలసిన కేంద్రం డాక్టరు చేతికి అది ఇంకా చేరలేదు.

అందుకే మనం అడగవలసినవి మూడు. నిపుణుడి తేదీ ప్రాథమిక కేంద్రంలోనే ఖాయం కావాలి. ఆ తేదీ వచ్చేలోగా 2019లో మొదలైన ఈ-సంజీవని ద్వారా అక్కడి డాక్టరు నిపుణుడి సలహా పొందగలగాలి. నిపుణుడి జవాబు తిరిగి ఆ కేంద్రానికి చేరాలి.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకోనక్కరలేదు. ప్రతి మస్జిద్ కమిటీ ఒక రిజిస్టరు పెట్టవచ్చు: ఎవరిని ఎక్కడికి పంపారు, తేదీ ఎప్పుడు, వెంట ఎవరు వెళతారు, జవాబు కాగితం డాక్టరుకు అందిందా. ఆ పుస్తకం చేతబట్టుకుని జిల్లా వైద్యాధికారి వద్దకు వెళ్లినప్పుడు మన అర్జీకి బలం ఉంటుంది.