స్నానాల గదికి మెరుపు కాదు, పట్టు కావాలి

మైలవరం పరిసర గ్రామాల్లో ఇల్లు కట్టుకునేవారు స్నానాల గదిని కూడా ఇంటితో పాటే కట్టుకుంటున్నారు. తడిక చాటున బండ పరుచుకొని నీళ్లు పోసుకునే రోజులు చాలావరకు పోయాయి. ఆడవారికి ఇది ఎంతో ఊరట. అయితే ఆ గది నేలకు ఏ రాయి వేయాలన్నప్పుడు మాత్రం చాలామంది దుకాణంలో కనిపించే మెరుపుకే ఓటు వేస్తున్నారు.

దుకాణంలో టైల్ పొడిగా ఉంటుంది. ఇంట్లో దాని మీద నీళ్లు, సబ్బు నురగ, తలంటు నూనె పడతాయి. నున్నటి నేల మీద ఈ మూడూ కలిస్తే ముసలివారు, చూలింతలు నిలదొక్కుకోవడం కష్టం. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 60 ఏళ్లు పైబడినవారే ఎక్కువ. తుంటి ఎముక విరిగి పెద్దవారు మంచాన పడితే ఆ ఇంట మరొకరు కూలి మానుకొని కూర్చోవలసిందే.

ఇందుకు విరుగుడు దూరాన లేదు. ఒకప్పుడు బడిపిల్లలకు పలకలు అందించిన మార్కాపురం రాయినే నేడు నేలకూ గోడలకూ వాడుతున్నారు. పలకరాయి పొరలు పొరలుగా విడివడుతుంది. విడదీసిన ముఖం సహజంగానే కాస్త గరుకుగా ఉండి, తడిలో కాలికి పట్టునిస్తుంది. పాలిష్ పట్టని కడప బండ, బేతంచర్ల నాపరాయి కూడా ఈ పనికి వస్తాయి. పాలిష్ పట్టిస్తే మాత్రం అవీ జారుడు బండలే.

పలకరాయి అంతా ఒకటి కాదు. కొనేముందు ఒక ముక్కను వేలితో కొట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. మొద్దు శబ్దం వస్తే లోపల పొర విడిందని అనుమానించాలి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. పెచ్చులూడే రాయి స్నానాల గదికి పనికిరాదు. కొన్ని రాళ్లలో ఇనుము కలిసిన ఖనిజం ఉండి, తడికి తుప్పు మరకలు దిగుతాయి. రాయి నీటిని పీల్చకుండా పరిచిన తరువాత సీలర్ పూత వేయించాలి. ఆ పూత రాయిలోకి ఇంకేదిగా ఉండాలి గాని, పైన నిగనిగలాడేది కాకూడదు. అలా మెరిసేది వేస్తే గరుకు రాయి కొన్న ప్రయోజనమే పోతుంది.

రాయి ఎంత మంచిదైనా తాపీపని చెడితే లాభం లేదు. అడుగుకు పావు అంగుళం చొప్పున తూము వైపు వాటం ఇవ్వాలి. బండ కింద సిమెంటు నిండుగా ఉండాలి. బోలుగా వదిలితే బిందె పడ్డ రోజే బండ పగులుతుంది. చిన్న ముక్కలు పరిస్తే సందులు ఎక్కువై పట్టు ఇంకా పెరుగుతుంది.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్ల మరకలు పడగానే యాసిడ్ పోయడం అలవాటైంది. కడప బండ, నాపరాయి సున్నపు రాళ్లు. యాసిడ్ తగిలితే పొంగి, పై ముఖం తినేసుకుపోతుంది. పలకరాయిలోనూ సున్నం పాలు ఉంటే ఇదే గతి. మెత్తటి సబ్బు నీళ్లు, కొబ్బరి పీచు చాలు.

రాయి కోసేవారి సంగతీ మరువరాదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసిన కార్మికులు ఎందరో ఆ ధూళి పీల్చి ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. ఇంటి ముందు యంత్రంతో బండ కోసే కుర్రవాడు పీల్చేదీ అటువంటి ధూళే. నీళ్లు పోస్తూ కోయమని, ముక్కుకు మంచి ముసుగు కట్టుకోమని ఇంటి యజమానే పట్టుబట్టాలి.

గృహనిర్మాణ శాఖ ఇంజినీర్లు ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లను తనిఖీ చేసేటప్పుడు గోడ, కప్పుతో పాటు స్నానాల గది వాటాన్ని, నేల పట్టును కూడా చూడాలి. తాపీ మేస్త్రీలకు ఒక పూట శిక్షణ ఇస్తే ఖర్చు స్వల్పం. ఇంటివారు చేయవలసింది అంతకంటే తేలిక. టైల్ ఎంచుకునేటప్పుడు దాని మీద చెంబెడు సబ్బు నీళ్లు పోయించి, వంగి అరచేత్తో రుద్ది చూడాలి. చెయ్యి జారితే రేపు కాలూ జారుతుంది.