కడెం గుండె మళ్లీ గుబేల్‌మనకుండా.. జీపీఎస్‌తో వాన జాడ ముందే తెలుస్తుందా?

2022 జులై.. నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు. డిశ్చార్జ్ సామర్థ్యం సుమారు 3 లక్షల క్యూసెక్కులైతే, వచ్చిన వరద దాదాపు 5 లక్షలు. దిగువ గ్రామాలను హుటాహుటిన ఖాళీ చేయించారు. అంతకుముందు ఏడాది సెప్టెంబర్‌లో సిరిసిల్ల వీధులు ఏరులయ్యాయి. రెండు చోట్లా ప్రశ్న ఒక్కటే. ఇంకో రెండు మూడు గంటలు ముందే తెలిసి ఉంటే?

అందుకు ఓ దారి మన ఫోన్‌లో ఉండే జీపీఎస్‌లోనే ఉంది. అదెలాగంటే..

ఆలస్యమే ఆధారం

ఉపగ్రహం సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి సిగ్నల్ పంపుతుంది. దారిలో గాలి, తేమ తగిలితే అది కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఈ తేడాను దూరంగా లెక్కిస్తే, నేరుగా నెత్తిమీదున్న ఉపగ్రహానికి పొడి గాలి వల్ల సుమారు 2.3 మీటర్లు, నీటి ఆవిరి వల్ల వానాకాలంలో 30, 40 సెంటీమీటర్లు వస్తుంది. గాలి పీడనం తెలిస్తే పొడి గాలి వాటా తీసేయొచ్చు. మిగిలింది తేమ లెక్క. దాదాపు ఆరున్నర మిల్లీమీటర్ల ఆలస్యం అంటే ఒక మిల్లీమీటర్ నీరు. ఈ పద్ధతిని శాస్త్రవేత్తలు 1992లోనే వివరించారు.

ఇప్పుడెందుకు చర్చ?

ఒకప్పుడు ఇలాంటి రిసీవర్ ధర లక్షల్లో ఉండేది. ఇప్పుడు రెండు ఫ్రీక్వెన్సీలు అందుకునే చిన్న బోర్డులు వేల రూపాయల్లోనే దొరుకుతున్నాయి. వాతావరణ బెలూన్లు హైదరాబాద్, నాగపూర్ లాంటి కొన్ని చోట్ల నుంచే, అదీ రోజుకు రెండుసార్లే ఎగురుతాయి. రాడార్‌కు కనిపించేది అప్పటికే తయారైన చినుకు. రిసీవర్ మాత్రం చినుకు పుట్టకముందే తేమ పోగవడాన్ని నిమిషాల వ్యవధిలో పట్టేస్తుంది. మబ్బు పట్టినా, అర్ధరాత్రయినా దానికి అడ్డు లేదు.

చిక్కులూ ఉన్నాయ్

తేమ ఉన్నంత మాత్రాన వాన పడదు. జులైలో ఆదిలాబాద్ గాలిలో తేమకు కొదవే ఉండదు. అందుకే చూడాల్సింది మొత్తాన్ని కాదు, అది ఎంత వేగంగా పెరుగుతోందన్నదే. ఒక్క రిసీవర్‌తో పని జరగదు. కడెం, మానేరు పరీవాహకాల్లో పలుచోట్ల పెట్టాలి. కరెంటు పోయినా, నెట్ ఆగినా పనిచేయాలి. భూముల కొలతల కోసం సర్వే ఆఫ్ ఇండియా దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా స్టేషన్లు పెట్టింది. వాటి డేటాను వాతావరణ అంచనాలకూ వాడుకుంటే సగం పని అయినట్టే.

2024లో కేంద్రం రూ.2 వేల కోట్లతో ‘మిషన్ మౌసమ్’కు ఆమోదం తెలిపింది. పరిశీలన పరికరాలు పెంచడం అందులో ముఖ్యాంశం. ఇంతకీ ఆ పరికరాలు పెద్ద నగరాలకే పరిమితమవుతాయా, వాగుల ఒడ్డున ఉన్న ఊళ్ల దాకా వస్తాయా? హెచ్చరిక గేట్ల దగ్గరున్న ఇంజినీర్‌కు, ఒడ్డునున్న రైతుకు టైమ్‌కి చేరితేనే ఈ టెక్నాలజీకి విలువ.